మాడిన మొదటి ట్రే

మా ఇంట్లో బిస్కెట్లు ఉండవు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, "జీవితమంతా బిస్కెట్లు కాల్చిన మనిషి ఇంట్లో టీతో పెట్టడానికి ఒక్క బిస్కెట్టు లేదా?" అని. నేనూ వాళ్ళతోపాటు నవ్వేసి ఏ బ్రెడ్డు ముక్కో కాల్చి పెడతాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అందుకే ఆ వానాకాలం సంగతి ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.

అంతకుముందు ఇలా కాదు. మా ఆయన పాత బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఇంటినిండా బిస్కెట్లే. విరిగినవి, వంకరపోయినవి, అంచులు లేచినవి. ఆయన చొక్కాలు ఎంత ఉతికినా వెన్న వాసన పోయేది కాదు. వీధిలో చీమలన్నింటికీ మా ఇల్లే పుట్టిల్లు.

ఆ బేకరీలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి ట్రే మాడిస్తే దాన్ని పారేసేవారు కాదు. పని ఆపి అందరూ చుట్టూ చేరి తలా ఒకటి తినాల్సిందే. యజమాని ఆ సమయానికి అక్కడుంటే ఆయనా తినాల్సిందే. ఎవరూ మొహం చిట్లించకూడదు. చివరికి మా ఆయన నోరు తుడుచుకుని, "బాగుంది. కాస్త ఎక్కువ కాలింది, అంతే" అనేవారు. ఆ మాట అనే హక్కు ఆయనదే. ఆ తర్వాత ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేవారు.

కొత్తవాళ్ళని చేరిన రోజు ఆయన మొదట అడిగేది పని గురించి కాదు. "ఇంటికి ఎటు వెళ్తావు?" అని. ఆ వైపు వెళ్ళేవాళ్ళెవరో చూసి, సాయంత్రం తోడు పంపేవారు.

"అంత పిండీ వెన్నా దండగ కదండీ?" అన్నానొకసారి.

"పిండి పోతే పిండి వస్తుందే. మొదట్లోనే బెదిరిపోతే మనిషి మళ్ళీ రాడు" అన్నారు.

బొంగరం అలా మిగిలినవాడే. ఉన్నచోట నిలవకుండా గిరగిరా తిరుగుతాడని వాడికి ఆ పేరు. వాడి మొదటి ట్రే బొగ్గయిపోయిందట. ఏప్రన్ విప్పేసి వెనక తలుపులోంచి జారుకుంటుంటే మా ఆయన చొక్కా పట్టుకుని ఆపి, వాడి ఎదుట రెండు తిన్నారు. మిగిలినవి ఇంటికి తెస్తే నేనూ తిన్నాను. నా పళ్ళు నల్లగా అయితే మా అమ్మాయి పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించింది. అప్పటి నుంచి వాడికి ఆయన బాబాయి, నేను పిన్ని.

తర్వాత బొంగరం ఊరి చివర కొత్తగా పెట్టిన పెద్ద ఫ్యాక్టరీకి వెళ్ళి అక్కడ లైన్ ఇన్‌ఛార్జి అయ్యాడు. కొన్నాళ్ళకి పాత బేకరీ మూతపడింది. పొయ్యి పగలగొడుతుంటే చూడటానికి వెళ్ళిన మా ఆయన ఒక ఇటుక ముక్క తెచ్చి కిటికీలో పెట్టుకున్నారు. అమ్మాయి చదువు మధ్యలో ఉంది. ఈ వయసులో ఈయనకి ఎవరు పనిస్తారా అని నేను గోళ్ళు కొరుక్కుంటూ ఉంటే బొంగరమే వచ్చాడు. "నేనున్నాను కదా పిన్నీ" అన్నాడు. వానలు తగ్గేదాకా తాత్కాలికం, ఆ తర్వాత పర్మనెంటు. ఈలోపు ఏ మాటా రాకూడదు. వస్తే అంతే సంగతులు.

వానలు మొదలైన వారంలోనే చేరారు. మొదటి రోజు పొద్దున్న అద్దం ముందు ఆయన పడ్డ హైరానా చూసి, "పెళ్ళిచూపులకి కూడా ఇంత దువ్వుకోలేదు" అన్నాను. సాయంత్రం తడిసి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

"ఎలా ఉంది నాన్నా?" అంది అమ్మాయి తువ్వాలు అందిస్తూ.

"బాగుంది. ఒక గదిలో కూర్చోబెట్టి టీవీలో చూపించారు, బిస్కెట్టు ఎలా తయారవుతుందో."

"తాతకి దగ్గులు నేర్పారన్నమాట" అన్నాను.

ఆయన నవ్వారు. "టీవీలో అమ్మాయి చక్కగా నవ్వుతోంది, 'మా కుటుంబంలోకి స్వాగతం' అని. అది అయ్యాక టీవీ కట్టేశారు. బూట్లిచ్చారు. నా నంబరు లేదట, వచ్చే వారం వస్తుందట."

చూస్తే ఆ బూట్లలో ఇంకో మనిషి కూడా పట్టేలా ఉన్నాడు. వేళ్ళ దగ్గర పాత గుడ్డలు కుక్కి ఇచ్చాను.

"భోజనం ఎవరితో చేశారు?"

"ఒక్కణ్ణే. అక్కడ ఎవరి టైము వాళ్ళది."

"ఎవరైనా అడిగారా, ఇంటికి ఎటు వెళ్తారని?"

ఆయన మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టాక అన్నారు, "చెవులకి మూతలు పెట్టుకోవాలే. అడిగినా వినపడదు."

ఆ రోజు ఆయన చెప్పిన వాటిల్లో అమ్మాయికి బాగా నచ్చింది మొహాల పలక. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చే తలుపు పక్కన గోడకి మూడు మొహాలున్న పలక ఉంటుందట. నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. పనిలో సంతోషంగా ఉన్నారా లేదా అన్నది రోజూ పోతూ పోతూ నొక్కిపోవాలట.

"నువ్వేది నొక్కావు?"

"నవ్వు మొహమే. అది తలుపు పక్కనే ఉంది, చెయ్యి దానికే అందుతుంది."

అందరం పడీ పడీ నవ్వాం. ఆ రోజు నుంచి అదే మా ఇంట్లో పలకరింపు అయిపోయింది. ఆయన గొడుగు ముడిచేలోపే లోపలి నుంచి అమ్మాయి అరిచేది, "ఏ మొహం నాన్నా?" అని. "నవ్వు మొహమే తల్లీ" అని ఆయన బదులు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, మొదట్లో ఆయనే ఏదో చెయ్యబోయారు. పక్క బెల్టు దగ్గరి మనిషికి జలుబు చేసిందని ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళారు. ఆ మనిషి భయంగా అటూ ఇటూ చూసి వద్దన్నాడట. చోటు వదిలి కదిలినందుకు ఈయనకి మాట వచ్చింది. ఫ్లాస్కు మళ్ళీ అటక మీదికి ఎక్కింది. పని చేస్తూ కూనిరాగాలు తీసే మనిషి, ఇంట్లో స్నానాల గదిలో కూడా మౌనంగా ఉండటం మొదలుపెట్టారు. నేను గమనించాను. వానకి బద్ధకం అనుకున్నాను, వయసు అనుకున్నాను, బస్సులో నిలబడి రావడం అనుకున్నాను.

ఉతికే ముందు జేబులు తడమడం నా అలవాటు. ఒక రోజు ఆయన చొక్కా జేబులో నల్లటి పలుకులు తగిలాయి. వాసన చూస్తే తెలిసిపోయింది. చొక్కా అలాగే పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను.

"ఎవరిదండీ, మాడింది?"

ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నారు. "నాదే" అన్నారు.

మాట మాటకీ మధ్య ఆగుతూ చెప్పారు. ఓవెన్ పైన పసుపు దీపం వెలిగితే వెంటనే వేడి తగ్గించాలట. అది టీవీలో చెప్పే ఉంటారు. ఈయనకి టీవీలో అమ్మాయి నవ్వే గుర్తుంది. పాత పొయ్యి అయితే వాసనే చెప్పేది. ఇక్కడ అంతా మూసిన అద్దాలు, పైగా మూతికి గుడ్డ. పసుపు కాస్తా ఎరుపయింది. బెల్టు మీదున్నదంతా మాడింది.

"బొంగరం వచ్చాడు. నేనొకటి తీసి వాడికిచ్చాను. తీసుకున్నాడు. నా మొహం చూశాడు. తర్వాత పైన కెమెరా చూశాడు. 'ఇక్కడ తినకూడదు బాబాయ్' అని చెత్త డ్రమ్ములో వేశాడు." మళ్ళీ తనే, "నెమ్మదిగానే వేశాడులే. విసిరెయ్యలేదు" అన్నారు.

"మరి ఈ జేబులోది?"

"ఇంకోటి దాచాను. సాయంత్రం గేటు బయట కెమెరా ఉండదు కదా అని. వాడు బండెక్కి వెళ్ళిపోయాడు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేబు అడుగు నుంచి ఆ పలుకులు తీసి నోట్లో వేసుకున్నాను. "బాగుంది. కాస్త ఎక్కువ కాలింది, అంతే" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. కోపం కాదు, అలసట. "ఆ మాట నువ్వనకే. అది పనిచేసే చోట, పక్కన నిలబడ్డవాడు అనాలి. ఇంట్లో పెళ్ళాం అంటే ఓదార్పు అవుతుంది."

చొక్కా తీసుకెళ్ళి నానబెట్టాను. అంతలో అమ్మాయి ఎక్కడి నుంచో వచ్చి, ఏమీ తెలియక, "ఏ మొహం నాన్నా?" అని అరిచింది. "నవ్వు మొహమే తల్లీ" అన్నారు లోపలి నుంచి.

వచ్చిన ఆదివారం బొంగరం వచ్చాడు. చేతిలో పళ్ళ సంచీ. మా ఆయన లోపల పడుకుని ఉన్నారు. వాణ్ణి గుమ్మంలోనే కడిగేద్దామనుకున్నాను గానీ, వాడు తల వంచుకుని చెప్పులు విప్పే తీరు చూస్తే మనసు రాలేదు. పెద్ద ఉద్యోగి అయ్యాక బొంగరం తిరగడం మానేశాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

టీ ఇచ్చి, "నీ ట్రే నేను కూడా తిన్నానురా" అన్నాను.

"గుర్తుంది పిన్నీ."

"గుర్తుంటే?"

వాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దాంట్లోకే చూస్తూ అన్నాడు. "ఆ రోజు బాబాయి నా చొక్కా పట్టుకోకపోతే నేను మళ్ళీ ఏ పనిలోనూ చేరేవాణ్ణి కాదు. నాకు తెలుసు. అక్కడ కొత్తవాళ్ళు ఇలా వచ్చి అలా మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారని పైవాళ్ళు నన్నే అడుగుతారు. పలక చూస్తే అన్నీ నవ్వు మొహాలే. ఏం చెప్పను?"

"తలుపు పక్కన ఏడుపు మొహం పెట్టి చూడమను, తెలుస్తుంది."

వాడు నవ్వబోయి మానుకున్నాడు. "నాకూ ఇద్దరు పిల్లలు పిన్నీ. ఆ కెమెరా నా మీద కూడా ఉంటుంది."

అటు తిడదామంటే నోరు రాదు, ఇటు ఊరుకుందామంటే మనసొప్పదు. మింగలేక కక్కలేక కూర్చున్నాను. వాడే మళ్ళీ అన్నాడు, "బాబాయి మీద ఇప్పటికే పైన మాట వచ్చింది. పర్మనెంటు అయ్యేదాకా తల వంచుకుని పని చేసుకోమను. ఎవరితో మాటలొద్దు, చోటు వదిలి కదలొద్దు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు. ఈ కాస్త..."

"విన్నానులేరా" అంటూ మా ఆయన గది గుమ్మంలోకి వచ్చారు. జుట్టంతా రేగి ఉంది. "అలాగే ఉంటాను. నీకు మాట రానివ్వను."

బొంగరం లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. వాడు వెళ్ళిపోయాక ఆయన ఆ సంచీలోంచి ఒక పండు తీసి, కోసి, నాకూ అమ్మాయికీ పెట్టారు. తను ముట్టలేదు.

అన్నమాట ప్రకారమే ఉన్నారు. వానలు దంచి కొట్టాయి, తగ్గాయి, మళ్ళీ పట్టుకున్నాయి. ఆయన మీద ఏ మాటా రాలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పి, గుడ్డ పేలికలు ఆరబెట్టి, తిని పడుకునేవారు. 'ఏ మొహం' ఆట ఆడుతూనే ఉన్నాం, ఎవరు ముందు ఆపాలో తెలియక.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒకసారి తింటూ తింటూ అన్నారు, "మా లైన్లో ఒక కొత్తమ్మాయి చేరింది. నా ఎదుటి బెల్టే. దానికీ పెద్ద బూట్లే ఇచ్చారు పాపం. తాడు కట్టుకుని తిరుగుతోంది."

"పలకరించారా?"

"ఇంకెన్నాళ్ళే. ఈ వారం గడవనీ. పర్మనెంటు అవగానే ఫ్లాస్కు దింపు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. మర్నాడు ఆయన పనికి వెళ్ళగానే స్టూలు వేసుకుని అటక మీది ఫ్లాస్కు దింపి, కడిగి బోర్లించాను.

పర్మనెంటయిన రోజు చేతిలో అట్టపెట్టెతో వచ్చారు. సరైన నంబరు బూట్లు. అమ్మాయి పెట్టె లాక్కుని, ఆయన్ని కూర్చోబెట్టి స్వయంగా తొడిగింది. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. ఇక ఈ ఇంటికి ఢోకా లేదని నేను లోపల పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఏదైనా తియ్యగా చేద్దామని చక్కెర డబ్బా కూడా తీశాను.

"ఇంతకీ ఏ మొహం నాన్నా ఇవాళ?" అంది అమ్మాయి బూటు ముడి వేస్తూ.

"నవ్వు మొహమే..."

ఆ 'తల్లీ' అన్న మాట బయటికి రాలేదు. నేను వచ్చి చూసేసరికి కొత్త బూట్ల మీద కన్నీళ్ళు పడుతున్నాయి. అమ్మాయి ముడి వదిలేసి నా వైపు చూసింది.

"ఆ అమ్మాయిది మాడిందే" అన్నారు.

మేం ఇద్దరం అక్కడే కింద కూర్చున్నాం.

"పసుపు దీపం వెలిగింది. నాకు ఎదురుగా కనపడుతూనే ఉంది. దానికి ఆ సంగతి తెలీదు. ఎవరూ చెప్పుండరు. ఒక్క అంగ వేసి చెబితే అయిపోయేది. ఇవాళ పర్మనెంటు చేస్తారని తెలుసు. కదలకూడదని చెప్పాడు కదా వాడు. కదల్లేదు. ఎరుపయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను."

"మీరేం చేస్తారండీ. మీకు వాళ్ళు..."

"విను. అంతా మాడిపోయాక ఆ అమ్మాయి ఒకటి చేతిలోకి తీసుకుని నా వంక చూసింది. అంతమంది ఉండగా నా వంకే ఎందుకు చూసిందో. వయసులో పెద్దవాణ్ణి కదా, అందుకేమో."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. నోరే తెరవలేదు." ఆయన కుడిచెయ్యి కాస్త పైకెత్తి, వేలు ఒక పక్కకి చాపారు. "డ్రమ్ము చూపించాను."

ఆ వేలు అలాగే కొంచెం సేపు గాలిలో ఉండిపోయింది. అమ్మాయి దాన్ని పట్టుకుని కిందికి దించింది. తియ్యటిదేదీ చెయ్యలేదు ఆ రోజు. చక్కెర డబ్బా మూత పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే లేచి ఆయనే టీ పెట్టి, ఫ్లాస్కులో పోసుకుని వెళ్ళారు. "ఇవాళ భోజనానికి ఆ పిల్ల పక్కన కూర్చుంటాను. ఎవడేమంటాడో అననీ" అన్నారు. ఆ గొంతు పాత బేకరీ నాటిది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

సాయంత్రం రావాల్సిన వేళకి రాలేదు. వాన మళ్ళీ మొదలైంది. పనిచేసేవాళ్ళంతా ఇళ్ళకి చేరే వేళ అయ్యాక బొంగరానికి ఫోన్ చేశాను.

"బాబాయి పని అవగానే వెళ్ళిపోయారే పిన్నీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ కొత్తమ్మాయి ఇవాళ రాలేదు. పొద్దున్నుంచి బాబాయి అందర్నీ అడుగుతూనే ఉన్నారు, ఎక్కడుంటుందో తెలుసా అని. ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు."

గొడుగు తీసుకుని బస్సెక్కాను. ఫ్యాక్టరీ ఎదుటి స్టాపులో దిగేసరికి ఆయన అక్కడే ఉన్నారు. చూరు కింద చోటున్నా వానలోనే, రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. కొత్త బూట్లనిండా నీళ్ళు. భుజానికి ఫ్లాస్కు వేలాడుతోంది.

"ఇదేం పనండీ, ఇలా తడిసిపోతూ?"

"మానేసినా ఆ పిల్ల బూట్లు తిరిగివ్వాలి కదే. ఇవ్వడానికి వస్తుందేమోనని."

"రేపు వస్తుందేమో. పదండి."

"మాట్లాడనివ్వరేమోనని గేటు బయట కాచుకున్నాను" అంటూ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, చేత్తో వానకి అడ్డం పెట్టి విప్పారు. లోపల నల్లటి బిస్కెట్టు, ఒక అంచు విరిగినది. "నిన్ననే తీసిపెట్టాను డ్రమ్ములోంచి. దాని ఎదురుగా తినాలి నేను."

ఆ బిస్కెట్టు ఆయన చేతిలో అప్పటికే మెత్తబడిపోతోంది. ఏ ఇంట్లోనో ఒక పిల్ల, నాకీ పని చేతకాదు అనుకుంటూ కూర్చుని ఉంటుంది. చేతనవుతుందమ్మా, కాస్త ఎక్కువ కాలింది, అంతే, అని చెప్పవలసిన మనిషి ఇక్కడ వానలో నిలబడి ఉన్నాడు. ఇద్దరి కోసమూ ఏడుపొచ్చింది నాకు.

"చేరిన రోజు ఆ అమ్మాయి నా ముందు నుంచే బయటికి వెళ్ళిందే" అన్నారాయన. "ఇంటికి ఎటు వెళ్తావని అడగలేదు నేను. ఎంత మందిని అడిగాను. దాన్ని అడగలేదు."

గొడుగు విప్పి ఆయన పక్కన నిలబడ్డాను. ఊళ్ళోకి వెళ్ళే బస్సొకటి వచ్చి ఆగింది. రోడ్డుకి అవతలి పక్కన ఊరి బయటికి వెళ్ళే బస్సు ఆగింది. ఆయన మెడ సాచి రెండిట్లోకీ చూశారు. రెండూ కదిలి చెరో వైపు వెళ్ళిపోయాయి.